ఒక కేకు, 78 రూపాయలు, 17 కాపీలు

2025 సెప్టెంబర్ 22, సోమవారం. ముందురోజే ఎంగిలిపూల బతుకమ్మ. నాచారంలో మా ఆఫీసు సందులో తంగేడు పూలు ఇంకా అక్కడక్కడా పడి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది. ఉప్పల్‌లో బేకరీ నడిపే అంకుల్.

"తమ్మీ, టీవీల కేకు మీద అయిదు శాతమే అంటున్నరు. నీ మిషన్ల పద్దెనిమిది కొడుతుందేంది? ఒక పిల్లగాడు బిల్లు పట్టుకొని కౌంటర్ కాడ నిలబడ్డడు. ఏం చెప్పాలె నేను?"

ఆ అబ్బాయి ఫ్రెండ్ బర్త్‌డేకి 600 రూపాయల కేకు కొన్నాడు. పాత రేటు ప్రకారం పన్ను 108. కొత్త రేటు ప్రకారం 30. తేడా 78 రూపాయలు. ఫోన్‌లో వార్త తెరిచి మరీ చూపిస్తున్నాడట.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "అంకుల్, నిన్న రాత్రే మార్చేశాం కదా!"

అబద్ధం చెప్పలేదు. నిజంగానే మార్చాం. పదహారు చోట్ల మార్చాం. ఆయనది పదిహేడోది.

పదిహేడు ఎలా అయ్యాయంటే

మాది ఆరుగురి కంపెనీ. చిన్న షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. మొదటి కస్టమర్ హబ్సిగూడలో ఒక కిరాణా కొట్టు. అది బాగా నడిచింది. తర్వాత ఒక మెడికల్ షాపు వాళ్లు వచ్చారు. వాళ్లకు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కావాలి. కిరాణా ఫోల్డర్‌ని కాపీ చేసి, ఆ రెండూ కలిపి ఇచ్చేశాం. రెండు రోజుల పని. ఆ తర్వాత టిఫిన్ సెంటర్ వచ్చింది, వంటింటికి టోకెన్ ప్రింట్ కావాలంది. మళ్లీ కాపీ. బేకరీకి తూకం మిషన్ కలపాలి, కేకు ఆర్డర్‌కి అడ్వాన్స్ రాసుకోవాలి. ఇంకో కాపీ.

ప్రతిసారీ మా సార్ "అబ్బ, ఎంత ఫాస్ట్‌గా ఇచ్చేశారయ్యా" అనేవాడు. మేమూ మురిసిపోయేవాళ్లం.

ఈ పద్ధతికి ఇంజనీర్లు పెట్టిన పేరే ఉంది: 'క్లోన్ అండ్ ఓన్'. కాపీ కొట్టు, సొంతం చేసుకో. దీన్ని తప్పు పట్టడానికి లేదు. మొదటి రోజు ఇంతకంటే చవకైన దారి లేదు. ఖర్చు తర్వాత వస్తుంది, అదీ వాయిదాల్లో.

మాకు మొదటి వాయిదా విజయవాడ నుంచి వచ్చింది. జీఎస్టీలో తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒకే రాష్ట్రంలో ఉంటే పన్ను సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ. వేర్వేరు రాష్ట్రాలైతే మొత్తం ఐజీఎస్టీ. మా మొదటి కిరాణా కోడ్‌లో అమ్మేవాళ్ల రాష్ట్రం అడిగే పనే లేదు, నేరుగా '36' అని రాసి పెట్టాం. హబ్సిగూడ కొట్టుకి అది చాలు. విజయవాడలో ఏమైంది? పక్క వీధి కస్టమర్‌కి ఇచ్చిన బిల్లు కూడా వేరే రాష్ట్రానికి అమ్మినట్టు పడింది. ఆడిటర్ చూసి తల పట్టుకున్నాడు. ఆ కాపీలో సరిచేశాం.

రెండేళ్ల తర్వాత కర్నూలు నుంచి ఇంకో కస్టమర్. ఎవరో విజయవాడ ఫోల్డర్ బదులు పాత కిరాణా ఫోల్డర్ కాపీ చేశారు. అదే తప్పు, అదే ఫోన్ కాల్, అదే తిట్లు. ఒకసారి చంపిన పురుగు మళ్లీ లేచి వచ్చింది.

మరి ఏ కాపీలో ఏముందో ఎవరికి తెలుసు? మా సీనియర్ అక్కకు తెలుసు. "టిఫిన్ సెంటర్‌ది ముట్టుకోకు, దాంట్లో ప్రింటర్ వేరు" అని అక్కడ కూర్చునే చెప్పేది. ఆమె బుర్రే మా డాక్యుమెంటేషన్. ఆగస్టులో ఆమెకు గచ్చిబౌలి వైపు మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు గుర్తున్నవన్నీ రాసిచ్చింది. పదహారు. బేకరీది మాత్రం ఒక పండగ హడావిడిలో వేరే సిస్టమ్‌లో చేశాం. ఫోల్డర్ పేరు 'ఫైనల్ న్యూ 2'. అది చేసింది నేనే. కాబట్టి తప్పు అక్కది కాదు.

సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ కొత్త రేట్లు చెప్పింది. 12, 28 శాతం శ్లాబులు పోయి, దాదాపు అన్నీ 5లోకో 18లోకో మారాయి. కేకులు, బిస్కెట్లు 18 నుంచి 5కి. షాంపూ, టూత్‌పేస్ట్ కూడా 18 నుంచి 5కి. సిమెంటు 28 నుంచి 18కి. మాకు దొరికిన టైం 19 రోజులు. ఒక మార్పు, పదిహేడు చోట్ల. ఒకటి మిస్ అయింది.

ఎనిమిదింట్లో ఒకటి

పదిహేడులో ఒకటి మిస్ అయితే ఏమవుతుందని అనుకునేవాళ్ల కోసం ఒక పాత సంగతి.

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ వేసింది. మొత్తం ఎనిమిది సర్వర్లు. ఏడింట్లో కొత్త కోడ్ పడింది. ఎనిమిదోదాన్ని మర్చిపోయారు. ఆ ఒక్కదాంట్లో ఏళ్ల క్రితమే వాడటం మానేసిన పాత కోడ్ ఉంది. కొత్త ఫీచర్ ఆన్ చేయడానికి వాడిన ఫ్లాగ్, అంటే ఆన్-ఆఫ్ స్విచ్, ఒకప్పుడు ఆ పాత కోడ్‌దే. స్విచ్ వేయగానే ఏడు సర్వర్లు కొత్త పని చేశాయి, ఎనిమిదోది పాత దెయ్యాన్ని లేపింది. దాదాపు 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. ఆ కంపెనీ ఆ తర్వాత సొంతంగా నిలబడలేకపోయింది, ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

మా 78 రూపాయలకు, ఆ 46 కోట్ల డాలర్లకు మూలం ఒకటే. ఒకేలా ఉన్నాయనుకున్నవి ఒకేలా లేవు. ఎక్కడ తేడా ఉందో ఎక్కడా రాసి లేదు.

మెట్రోలో వచ్చిన ఆలోచన

ఆ సాయంత్రమే అంకుల్‌ని కలవడానికి బయల్దేరా. హబ్సిగూడలో మెట్రో ఎక్కితే ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, తర్వాత ఉప్పల్. కిటికీ పక్కన నిలబడి ఉంటే ఒక విషయం తట్టింది.

ఈ రైళ్లను నడిపించే సిగ్నలింగ్ వ్యవస్థ పేరు సెల్‌ట్రాక్. థేల్స్ కంపెనీది. 2024లో ఆ వ్యాపారం హిటాచీ రైల్ చేతికి వెళ్లింది. కంట్రోల్ సెంటర్ మన ఉప్పల్ డిపోలోనే ఉంది. ఇదే కుటుంబానికి చెందిన వ్యవస్థ 1980ల నుంచే కెనడాలోని వాంకూవర్‌లో రైళ్లు నడుపుతోంది. లండన్‌లో జూబ్లీ లైన్, నార్తర్న్ లైన్ కూడా దీనిమీదే నడుస్తాయి. వాంకూవర్ రైల్లో డ్రైవరే ఉండడు. మన దగ్గర ముందు క్యాబిన్‌లో ఆపరేటర్ ఉంటారు. ఊరు మారితే పట్టాలు మారతాయి, మలుపులు మారతాయి, స్టేషన్ల మధ్య దూరాలు మారతాయి.

వీళ్లు కూడా మాలాగే 'వాంకూవర్' ఫోల్డర్ కాపీ చేసి 'హైదరాబాద్ ఫైనల్ న్యూ 2' అని పెడితే? రైల్లో నిలబడి ఊహించుకుంటే కొంచెం భయమేసింది.

అలా జరగకుండా రైల్వే సిగ్నలింగ్‌లో ఒక కట్టుబాటు ఉంది. ఈఎన్ 50129 అనే యూరోపియన్ భద్రతా ప్రమాణం వ్యవస్థను మూడు మెట్లుగా చూడమంటుంది. ఎక్కడైనా వాడగలిగే ప్రొడక్ట్ మొదటి మెట్టు. ఒక రకం రైలు మార్గాలన్నిటికీ సరిపోయేలా దాన్ని అమర్చడం రెండోది. ఫలానా ఊరి ఫలానా లైనుకు అమర్చడం మూడోది. ఏ మెట్టు భద్రత ఆ మెట్టులో నిరూపించాలి. కింది మెట్టులో నిరూపించినదాన్ని పై మెట్టులో వాడుకోవచ్చు, కానీ ఏ షరతుల మీద అన్నది రాతలో ఉండాలి. అందరికీ ఉమ్మడిది ఏది, ఈ ఊరికే ప్రత్యేకమైనది ఏది అన్న గీత ఎవరి బుర్రలోనో కాదు, కాగితం మీద ఉంటుందన్నమాట.

మా ఆరుగురిలో ఆ గీత ఎవరూ గీయలేదు.

దోశ బండి దగ్గర లెక్క

ఇది కొత్త చదువేం కాదు. 1976లోనే డేవిడ్ పార్నస్ అనే శాస్త్రవేత్త 'ప్రోగ్రాముల కుటుంబం' అన్న మాట వాడాడు. విడివిడిగా ఒక్కోదాన్ని చూడకండి, ముందు ఉమ్మడి లక్షణాలు చూసి తర్వాత తేడాలు చూడండి అన్నది సారాంశం. 1990లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో క్యో కాంగ్, ఆయన తోటివాళ్లు దానికి ఒక బొమ్మ గీసే పద్ధతి ఇచ్చారు. దాన్ని ఫీచర్ మోడల్ అంటారు.

పేరు విని భయపడకండి. దోశ బండి దగ్గర నిలబడితే అర్థమైపోతుంది.

పిండి తప్పనిసరి. అది మినప పిండా, పెసర పిండా అంటే రెండిట్లో ఒకటే. ఉల్లి, కారం, చీజ్ మీ ఇష్టం, ఉన్నా సరే లేకున్నా సరే. ఉప్మా పెసరట్టు అంటే పెసర పిండి ఉండి తీరాలి. జైన్ దోశ అంటే ఉల్లి ఉండకూడదు. అయిపోయింది, ఇదే ఫీచర్ మోడల్. తప్పనిసరివి, ఐచ్ఛికాలు, రెండిట్లో ఒకటి, ఇది ఉంటే అది ఉండాలి, ఇది ఉంటే అది ఉండకూడదు. ఈ అయిదు రకాల మాటలతో ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ కుటుంబాన్నైనా చాలావరకు రాయొచ్చు.

మరి టూల్ ఎందుకు? నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలదా? ఒక లెక్క చూడండి. అవును-కాదు అన్న ఎంపికలు 33 ఉంటే, వాటితో చేయగల రకాలు 858 కోట్లకు పైగా. భూమ్మీద మనుషుల కంటే ఎక్కువ. ఉల్లి వేసిన జైన్ దోశ లాంటి తప్పు కలయిక వాటిలో ఎక్కడ దాక్కుందో మనిషి కన్ను పట్టుకోలేదు. టూల్ తర్కం లెక్కలు కట్టి చెప్పేస్తుంది: ఈ రెండూ కలవవు, ఈ ఫీచర్‌ని ఎవరూ ఎప్పటికీ ఎంచుకోలేరు, ఈ నియమం ఆ నియమానికి అడ్డొస్తోంది అని. కార్లు, విమానాల కంపెనీలు ప్యూర్ వేరియంట్స్, గేర్స్ లాంటివి డబ్బు పెట్టి కొంటాయి. స్టూడెంట్స్‌కి, మాలాంటి చిన్నవాళ్లకి ఫీచర్‌ఐడీఈ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్. జర్మనీలోని మాగ్డెబర్గ్ యూనివర్సిటీలో మొదలైంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మీ చేతిలోనే ఉంది. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే దాని లోపల ఉన్నది లినక్స్ కెర్నల్. అదే కెర్నల్ సూపర్ కంప్యూటర్లలోనూ ఉంది, ఇంట్లో వైఫై రౌటర్లలోనూ ఉంది. దానికి ఉన్న ఆప్షన్లు పదివేలకు పైనే. వాటినీ, ఒకదానికొకటి ఉన్న సంబంధాలనూ కేకాన్ఫిగ్ అనే చిన్న భాషలో రాసి పెట్టారు. ఇది పెట్టుకుంటే అది కావాలి అన్నది టూలే చూసుకుంటుంది. యాదృచ్ఛికంగా ఆప్షన్లు ఎంచి, బిల్డ్ అవుతుందో లేదో చూసే పద్ధతి కూడా ఉంది. యాప్స్ చేసేవాళ్లకైతే ఆండ్రాయిడ్ బిల్డ్‌లో 'ప్రొడక్ట్ ఫ్లేవర్స్' తెలిసే ఉంటుంది. ఫ్రీ యాప్, పెయిడ్ యాప్ రెండూ ఒకే కోడ్ నుంచి తీయడం. అదే కుటుంబం, చిన్న సైజు.

మేం ఏం చేశామంటే

దసరా సెలవులు అయ్యాక మా సార్‌ని ఒప్పించి మూడు వారాలు అడిగా. "కొత్తది ఏమీ రాకుండా మూడు వారాలా?" అన్నాడు. బేకరీ కథ మళ్లీ చెప్పా. ఇంకేం మాట్లాడలేదు.

మొదటి వారం కోడ్ రాయలేదు. పదిహేడు ఫోల్డర్లనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, తేడాలు చూపించే టూల్‌తో చదివాం. తేడాలు మూడు రకాలుగా తేలాయి.

ఒకటి, నిజమైన తేడాలు. మెడికల్ షాపుకి ఎక్స్‌పైరీ, టిఫిన్ సెంటర్‌కి టోకెన్. ఇవి ఉండాల్సినవే.

రెండు, ప్రమాదవశాత్తూ వచ్చిన తేడాలు. ఒక చోట సరిచేసి, ఇంకో చోట వదిలేసినవి. ఆ '36' కథ ఇంకో రెండు కాపీల్లో నిద్రపోతూ కనిపించింది.

మూడు, ఎందుకున్నాయో ఎవరికీ తెలియనివి. కాపీ కొట్టినప్పుడు వెంట వచ్చేశాయంతే. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియన్ 5 మొదటి ప్రయాణంలోనే, బయల్దేరిన దాదాపు 40 సెకన్లకు ముక్కలైంది. ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం ఉంది. పాత రాకెట్‌కి నేల వదిలాక కూడా కాసేపు నడవాలని పెట్టారు. కొత్త రాకెట్‌కి దాని అవసరమే లేదు. కానీ అలాగే ఉంచారు. కొత్త రాకెట్ వేగానికి అందులో ఒక సంఖ్య పట్టనంత పెద్దదైంది, ఆ భాగం కూలింది, దాంతోపాటు రాకెట్టూ పోయింది. అవసరం లేని భాగమే కొంప ముంచింది.

రెండో వారం ఒక షీట్ తయారుచేశాం. అడ్డంగా షాపులు, నిలువుగా ఫీచర్లు. ఎవరికి ఏది ఉంది, ఎందుకు ఉంది, ఎవరు అడిగారు. పన్ను రేట్లను కోడ్‌లోంచి తీసేసి ఒక పట్టికలో పెట్టాం. ప్రతి రేటు పక్కన 'ఈ తేదీ నుంచి' అని ఉంటుంది. రేటు మారితే ఒక వరుస చేరుస్తాం, అందరికీ వెళ్తుంది. మూడో వారం షీట్‌లోని నియమాలను ఫీచర్‌ఐడీఈలో గీశాం. అప్పుడు తెలిసింది, మేం రాసుకున్న రెండు నియమాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని. ఇప్పుడు ఎవరైనా ఒక్క లైను మార్చినా పదిహేడు రకాలూ ఆటోమేటిగ్గా బిల్డ్ అయి, పరీక్షలు నడుస్తాయి. ఒకటి ఫెయిలైనా బయటికి పోదు.

అంతా సాఫీగా అయిందని చెప్పను. ఒక కస్టమర్‌ది ఎంత ప్రయత్నించినా కుటుంబంలో ఇమడలేదు, అది విడిగానే ఉంచాం. కానీ విడిగా ఉందని షీట్‌లో రాశాం. మొదట్లో ప్రతి చిన్న కోరికకూ ఒక ఫ్లాగ్ పెట్టేసి, కాపీల అడవి బదులు ఫ్లాగుల అడవి పెంచబోయాం. నైట్ క్యాపిటల్ కథ గుర్తొచ్చి ఒక రూలు పెట్టుకున్నాం: వాడటం మానేసిన ఫ్లాగ్‌ని తీసేయాలి, దాని పేరు మళ్లీ వాడకూడదు.

ఈ మధ్య ఒక షాపు వాళ్లు బిల్లు మీదే యూపీఐ క్యూఆర్ కావాలన్నారు. నాలుగు రోజులు పట్టింది. "ఇదివరకు రెండు రోజుల్లో ఇచ్చేవాళ్లు కదయ్యా" అన్నాడు సార్. నిజమే. కానీ మర్నాడు ఇంకో ఎనిమిది షాపులు అదే అడిగాయి. షీట్‌లో ఎనిమిది టిక్కులు పెట్టాం. మధ్యాహ్నం భోజనానికి ముందే అందరికీ వెళ్లిపోయింది. సార్ ఏమీ అనలేదు, ఇరానీ చాయ్ తెప్పించాడు.

టూల్ చేయలేనిది

సాఫ్ట్‌వేర్ చదువుతున్నవాళ్లకు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఒక మాట. టూల్ డౌన్‌లోడ్ చేయడానికి పది నిమిషాలు చాలు. మాకు పట్టిన మూడు వారాల్లో ఎక్కువ టైం పోయింది "ఈ తేడా కావాలా, వద్దా?" అని షాపు వాళ్లకు ఫోన్ చేసి అడగడంలో. ఆ ప్రశ్న టూల్ అడగదు, మనిషే అడగాలి. సమాధానం దొరికాక దాన్ని మర్చిపోకుండా కాపలా కాసేది టూల్. వరస తిప్పి, ముందు టూల్ కొని తర్వాత ఆలోచిద్దాం అంటే పని జరగదు.

వెళ్లిపోయిన మా అక్కకు ఆ షీట్ పంపించా. "నా బుర్రలో ఉన్నది ఇంతేనా?" అని నవ్వే ఎమోజీ పెట్టింది. తర్వాత ఇంకో మెసేజ్: "ఇది ముందే ఉంటే నేను సెలవు పెట్టుకొని ఊరికి పోయేదాన్ని కదరా." ఆ మాట గుచ్చుకుంది. మూడేళ్లలో ఆమె ఒక్క పండక్కి కూడా ఫోన్ ఆఫ్ చేయలేదు. మేం దాన్ని ఆమె డెడికేషన్ అనుకున్నాం.

ఇక ఆ సోమవారం సంగతి. నేను ఉప్పల్ చేరేసరికి ఆ అబ్బాయి 78 రూపాయలు తీసుకొని వెళ్లిపోయాడు. పొద్దుట్నుంచి పాత రేటుతో కొట్టిన బిల్లులు 41. ఎక్కువ వసూలైన పన్ను బేకరీ అంకుల్ గల్లాపెట్టెలో మిగిలేది కాదు, కానీ జనం అనేది ఆయన్నే. ఫోన్ నంబర్లు ఉన్న 29 మందికి ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఫోన్లు చేశాం. డబ్బు వెనక్కి పంపాం. మిగిలిన 12 మంది ఎవరో తెలియదు.

"పోనీ తియ్ తమ్మీ, అయ్యిందేదో అయ్యింది" అంటూ ఒక ఎగ్ పఫ్ చేతిలో పెట్టాడు. దానికి కొత్త రేటుతోనే బిల్లు కొట్టించి, డబ్బులిచ్చి వచ్చా.

మీ సిస్టమ్‌లో ఇప్పుడే ఒకసారి వెతకండి. 'ఫైనల్', 'న్యూ', 'కాపీ', '2' అన్న పేర్లతో ఎన్ని ఫోల్డర్లు ఉన్నాయి? వాటిలో ఏది దేనికంటే ఎందుకు వేరో ఒక్కోదానికి ఒక్క లైను రాయగలరా? రాయలేకపోయినదే మీ పదిహేడోది.